లొట్టి దించిన గంట: కల్లుకు ఇంట్లోనే మార్కులు వేసే లెక్క

గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా ‘వైన్స్’ అంటే మందు దుకాణమే. రాష్ట్రం మొత్తం మీద అలాంటి లైసెన్సు దుకాణాలు 2,620. లోపలికి వెళ్తే విస్కీ, బ్రాందీ, బీరు వరసలన్నీ దాటాక, ఎక్కడో ఓ మూల ద్రాక్ష వైన్ సీసాలు నాలుగు కనబడితే గొప్ప. మన ఊళ్ళ అసలు వైన్ ఆ బోర్డు కింద దొరకదు. అది చెరువు కట్ట మీద, వాగు ఒడ్డున ఈతచెట్టుకు కట్టిన లొట్టిలో ఉంటుంది. పండు రసమో చెట్టు రసమో ఈస్ట్ తగిలి పులిస్తే వచ్చేదే వైన్ అనుకుంటే, కల్లు అచ్చంగా వైనే. పైగా మన దగ్గర దొరికే వాటిలో అతి చౌకైనది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని పిలిచే పేరు కూడా అదే, తాటిజాతి చెట్టు వైన్ అని.

చౌక వైన్లు నాలుగు తెచ్చుకుని ఇంట్లో రుచి చూసి మార్కులు వేసుకోవడం చాలా దేశాల్లో ఉన్న సరదా. కల్లు దగ్గర మనం అలాంటి పని చెయ్యం. ‘బాగుంది’, ‘పులిసింది’, ‘సప్పగుంది’ అని మూడు మాటల్లో తేల్చేస్తాం. గీత కార్మికుడు రోజుకు రెండుసార్లు ప్రాణాలు మోకుకు అప్పగించి దించే సరుకుకు ఈ మూడు మాటలు చాలవని నా అభిప్రాయం. ఆ పని పద్ధతిగా ఎలా చెయ్యాలో, ఆ మార్కులను ఎంతవరకు నమ్మాలో అంకెలతో చూద్దాం.

ముందు ఒక హెచ్చరిక. తెలంగాణలో మద్యం కొనడానికి 21 ఏళ్ళు నిండాలి. ఆరోగ్యానికి హాని చెయ్యని మోతాదు అంటూ మద్యంలో ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. కల్లు మందులా పనిచేస్తుందనే మాట మన పల్లెల్లో గట్టిగా నాటుకుపోయింది. రుచికి మార్కులు వేయండి గానీ ఆ మాటకు వేయకండి.

చెట్టు మీద 12, సీసాలో 5

అప్పుడే కారిన ఈత రసం, అంటే నీరా, నీళ్ళలా తేటగా, తియ్యగా ఉంటుంది. 100 మిల్లీలీటర్ల రసంలో 10 నుంచి 14 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. మధ్యస్థంగా 12 అనుకుందాం. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసుడు నీరాలో 24 గ్రాములు, దాదాపు ఆరు చెంచాల చక్కెర. షుగరు ఉన్నవాళ్ళు ‘నీరానే కదా’ అని తాగే ముందు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

లొట్టిలో పడ్డ క్షణం నుంచే పులియడం మొదలవుతుంది. గాలిలో, లొట్టి గోడకు, చెట్టు గాయం దగ్గర ఉన్న ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. రసాయన లెక్క ప్రకారం 100 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే గరిష్ఠంగా 54 గ్రాముల ఆల్కహాలు వస్తుంది. మన 12 గ్రాములకు సుమారు 6.5 గ్రాములు. ఆల్కహాలు నీటికన్నా తేలిక కాబట్టి పరిమాణంలో అది 8 మిల్లీలీటర్ల పైమాట. అంటే కాగితం మీద 8 శాతం రావాలి. నిజంగా వచ్చేది మాత్రం 4 నుంచి 6 శాతమే. మిగతా చక్కెరలో కొంత తినకుండా మిగిలిపోతుంది, కొంత బ్యాక్టీరియా పాలవుతుంది. మజ్జిగను పులియబెట్టే జాతి బ్యాక్టీరియా ఒకటి చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఇంకోటి ఆల్కహాలునే తిని వెనిగర్ చేస్తుంది. మొదట్లో పీహెచ్ 7 దగ్గర, అంటే ఇంచుమించు మంచినీళ్ళ దగ్గర ఉన్న రసం, బాగా పులిసేసరికి 4 దగ్గరకు దిగుతుంది.

ద్రాక్షతో పోలిస్తే తేడా ఇక్కడే ఉంది. వైన్‌కు వాడే ద్రాక్షలో చక్కెర 22 నుంచి 24 శాతం. అందుకే అందులో ఆల్కహాలు 12, 13 శాతానికి చేరుతుంది. ఆ బలంతో, ఆ పులుపుతో సీసాలో ఏళ్ళు నిలుస్తుంది. కల్లులో చక్కెర సగమే, ఆల్కహాలు సగం కన్నా తక్కువే, సూక్ష్మజీవుల సంత మాత్రం ఎన్నో రెట్లు పెద్దది. కల్లు తెల్లగా కనిపించడానికి కారణం కూడా ఆ సంతే. తేట రసం పాలలా మారిందంటే కోట్ల కొద్దీ ఈస్ట్, బ్యాక్టీరియా కణాలు అందులో తేలుతున్నాయని అర్థం. అవి ఆగవు కాబట్టి కల్లూ ఆగదు. ద్రాక్ష వైన్ సీసాకు ఇచ్చిన మార్కులు వచ్చే ఏడాదికీ పనికొస్తాయి. పొద్దుగాల 7 గంటలకు కల్లుకు ఇచ్చిన మార్కులు మధ్యాహ్నం 2 గంటలకు పనికిరావు.

అందుకే కల్లు విషయంలో మార్కులు వేయాల్సింది గంటకు. ఏ చెట్టుది, ఎన్నింటికి దించింది అన్న రెండు వివరాలు పక్కన రాయకుండా వేసిన మార్కు ఎంత పెద్దదైనా దేనికీ కొరగాదు.

ఎండ కూడా లెక్కలోకే వస్తుంది. చలి తగ్గి వేడి పెరిగేకొద్దీ ఈస్ట్ ఉరకలేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి పనులు ఇంచుమించు రెట్టింపు వేగంతో సాగుతాయనేది మోటు లెక్క. మే నెలలో 40 డిగ్రీలు దాటే నడిగడ్డ ఎండలో మూడు గంటలు నిలిచిన కల్లూ, పుష్యమాసపు చలిలో మూడు గంటలు నిలిచిన కల్లూ ఒకటి కావు. చలికాలపు ఈత కల్లు రుచి గురించి మన పెద్దలు చెప్పే మాటల వెనక ఉన్నది ఈ నిదానమే.

ఒక్క లొట్టి, నాలుగు గంటలు

ఇంట్లో చేయదగ్గ అతి మంచి పరీక్షకు ఒక్క లొట్టి కల్లు చాలు. నాలుగు దుకాణాల నుంచి నాలుగు సీసాలు తెస్తే చెట్టు, గంట, కలిపిన నీళ్ళు అన్నీ కలగాపులగమై, నాలుక చెబుతున్నది దేని గురించో తెలియకుండా పోతుంది. తెలిసిన గౌడన్న దగ్గర, మన కళ్ళముందే దించిన కల్లు ఒక లీటరు తీసుకోండి.

పొద్దుగాల 7 గంటలకు దించారనుకుందాం. దాన్ని నాలుగు చిన్న సీసాల్లో సమంగా పోయండి. మొదటిది 8 గంటలకు, రెండోది 11కు, మూడోది 2కు, నాలుగోది సాయంత్రం 5కు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ చల్లదనంలో, అంటే 4 డిగ్రీల దగ్గర, పులియడం పూర్తిగా ఆగదు గానీ చాలా మందగిస్తుంది. సాయంత్రం 6 గంటలకు నాలుగూ బయటికి తీసి, చల్లదనం ఒకేలా ఉండేట్టు చూసుకుని, పక్కపక్కనే రుచి చూడవచ్చు. ఒకే చెట్టు, ఒకే లొట్టి, ఒకే రోజు. మారింది గంట ఒక్కటే.

మూతలు బిగించకండి. ఒక్క గ్రాము చక్కెర పులిస్తే సుమారు పావు లీటరు వాయువు పుడుతుంది. పావు లీటరు కల్లులో ఇంకా 10 గ్రాముల చక్కెర మిగిలి ఉంటే అది పుట్టించగలిగిన వాయువు రెండున్నర లీటర్లు. బిగించిన గాజుసీసా పగలడానికి అది చాలు.

ఒక్కొక్కరికి ఒక్కో గ్లాసులో 30 మిల్లీలీటర్లు చాలు. నాలుగు రకాలకు తోడు, కింద చెప్పబోయే ఒక దొంగ గ్లాసు కలిపి మొత్తం 150. 5 శాతం బలం అనుకున్నా లోపలికి పోయే ఆల్కహాలు 6 గ్రాములు. దుకాణంలో 650 మిల్లీలీటర్ల నిండు సీసా తాగితే అది 25 గ్రాములు దాటుతుంది. రుచి చూడటం, తాగడం వేరు వేరు పనులని ఈ రెండు అంకెలు చెబుతాయి. పక్కన మంచినీళ్ళు, ఉప్పు కారం తగలని బొరుగులు ఉంచుకోండి. గుడాలు, బోటి కూర, మిరపకాయ బజ్జీలు పరీక్ష అయ్యాకే. కారం తగిలిన నాలుక ఇచ్చే మార్కులు కారానికే చెందుతాయి.

కళ్ళు చెప్పే మాట

పోసేవాళ్ళు ఒకరు, రుచి చూసేవాళ్ళు వేరొకరు కావాలి. పోసినవారు క, చ, ట, త, ప అని చీటీలు అంటించి, ఏ అక్షరం ఏ గంటదో తమ దగ్గరే రాసి ఉంచుకోవాలి. లోపలి రంగు తెలియకుండా స్టీలు గ్లాసులే వాడాలి. 8 గంటల కల్లు పలచగా, 5 గంటల కల్లు చిక్కటి తెలుపులో ఉంటాయి కాబట్టి గాజుగ్లాసులో పోస్తే నాలుక కంటే ముందు కళ్ళే తీర్పు చెప్పేస్తాయి.

ఈ జాగ్రత్త చాదస్తం కాదు. 2001లో అచ్చయిన ఒక ఫ్రెంచి ప్రయోగంలో, బోర్డోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్ళు దాని వాసనను ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. చదువుకుంటున్నదే వైన్ గురించి అయినా, రంగు వాళ్ళ ముక్కును ఏమార్చింది.

ధర కూడా అంతే. 2008లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం, పేరూ ధరా చెప్పకుండా జరిపిన 6 వేలకు పైగా రుచి పరీక్షలను కూడి చూసింది. వైన్ల ధరలు ఒకటిన్నర డాలరు పైచిలుకు నుంచి 150 డాలర్ల దాకా ఉన్నాయి. శిక్షణ లేని మామూలు జనం ఖరీదైన వాటికి ఎక్కువ మార్కులు వేయలేదు సరికదా, కాస్త తక్కువే వేశారు. చౌక వస్తువుకు ఇంట్లో మార్కులు వేసుకోవడం ఎందుకంటే ఇదిగో ఇందుకే. ధర తెలియకపోతే మన నాలుక ఎవరికీ మొహమాటపడదు.

ఇక మార్కులు. వైన్‌కు 100 మార్కుల పద్ధతి వాడుకలో ఉంది. అంతకు ముందు నుంచీ కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారు చేసిన 20 మార్కుల పద్ధతి ఉంది. మనకు 20 చాలు. నేను విడదీసేది ఇలా: నురగకు 3, వాసనకు 5, తీపి పులుపుల పొత్తుకు 7, గొంతులో ఘాటుకూ వగరుకూ కలిపి 3, మింగాక నోట్లో మిగిలే రుచికి 2.

ఎక్కువ మార్కులు పొత్తుకే ఎందుకు? కల్లు జీవితమంతా తీపి దిగడం, పులుపు ఎక్కడం. ఆ రెండూ ఒకదాన్నొకటి దాటే వేళ ఒకటి ఉంటుంది. నాలుకకు ఇంకా కాస్త తీపి తగులుతుండగానే పులుపు జివ్వుమంటుంది. ఆ వేళ ఎప్పుడు వస్తుందో చెట్టును బట్టి, ఎండను బట్టి మారుతుంది. మీ ఇంటి పరీక్ష కనిపెట్టాల్సింది దాన్నే. వాసనలో మొదట పచ్చి ఈత వాసన, తర్వాత దోసె పిండి పులిసిన వాసన, ఆ తర్వాత మజ్జిగ వాసన వస్తాయి. వెనిగర్ వాసన ముక్కుకు గుచ్చుకుంటే 5లో 1 కన్నా వేయకండి. అది దాటిపోయిన కల్లు. నురగ దానంతటది చిన్న బుడగలతో లేచి మెల్లగా అణగాలి. సబ్బు నురగలా దళసరిగా గంటసేపు నిలిస్తే 3లో సున్నా వేసి, పక్కన ఓ ప్రశ్నార్థకం పెట్టండి.

దొంగ గ్లాసు

ఇప్పుడు ఐదో గ్లాసు సంగతి. నాలుగు సీసాల్లో ఏదో ఒకదాన్ని పోసినవారు రెండుసార్లు, వేరే వేరే అక్షరాలతో పోయాలి. ఏది రెండుసార్లు వచ్చిందో రుచి చూసేవాళ్ళకు చెప్పకూడదు. అన్నీ అయ్యాక ఆ రెండు గ్లాసులకు మీరు వేసిన మార్కుల తేడా చూడండి. ఒకే కల్లుకు ఒకసారి 15, ఒకసారి 11 వేశారంటే, మీ నాలుక తప్పు 4 మార్కులు. అలాంటప్పుడు 14 వచ్చిన కల్లు కంటే 16 వచ్చిన కల్లు మేలని వాదించే హక్కు మీకు లేదు.

ఇందులో చిన్నతనమేమీ లేదు. కాలిఫోర్నియా రాష్ట్ర వైన్ పోటీల న్యాయనిర్ణేతలను 2005 నుంచి నాలుగేళ్ళ పాటు ఇలాగే పరీక్షించారు. ఒకే సీసాలోని వైన్‌ను వాళ్ళకు తెలియకుండా మూడేసిసార్లు ఇచ్చారు. మూడుసార్లూ దానికి ఒకే స్థాయి పతకం ఇవ్వగలిగినవారు పదిమందిలో ఒక్కరు. అదే వృత్తిగా బతికేవాళ్ళ సంగతే అది.

నాలుక నిజంగా తేడా పసిగడుతోందా, లేక గుడ్డిగా గురి తగులుతోందా అని తెలుసుకోవడానికి ఇంకో తేలిక పరీక్ష ఉంది. మూడు గ్లాసులు పెట్టాలి. రెండింట్లో ఒకే కల్లు, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. ఊరికే వేలు పెట్టినా మూడింట ఒకసారి సరిపోతుంది. అందుకే ఒకసారి సరిగ్గా చెబితే లెక్కలోకి రాదు. ఐదుసార్లు చేయిస్తే, ఐదింట కనీసం నాలుగు గుడ్డిగా తగిలే అవకాశం 243లో 11, అంటే సుమారు 22 సార్లకు ఒకసారి. కాబట్టి ఐదింట నాలుగు చెప్పినవారి నాలుకను నమ్మవచ్చు. ఐదింట మూడు చెప్పినవారిని ఇంకొంత పరీక్షించాలి. ఈ ఐదుసార్లలోనూ చుక్క మింగే పనిలేదు. నోట్లో తిప్పి ఉమ్మేస్తే చాలు, రుచి తెలుస్తుంది.

సగటు దగ్గరా ఓ మెలిక ఉంది. నలుగురు ఒక కల్లుకు 14, 14, 13, 15 వేశారు. ఇంకోదానికి 19, 9, 18, 10 వేశారు. రెండింటి సగటూ 14. కానీ మొదటిది అందరికీ ఫర్వాలేదనిపించిన కల్లు. రెండోది ఇద్దరికి ప్రాణం, ఇద్దరికి గిట్టనిది. బహుశా బాగా పులిసినది అయి ఉంటుంది. పులుపు మీద ఇష్టం మనిషిని బట్టి మారుతుంది, చింతపండు వాడకం ఇంటినిబట్టి మారినట్టే. అందుకని సగటు పక్కన అతి తక్కువ, అతి ఎక్కువ మార్కులు కూడా రాసుకోండి.

గ్లాసుల వరస కూడా అందరికీ ఒకటే ఉండకూడదు. తియ్యటిది తాగిన వెంటనే పుల్లటిది తాగితే రెట్టింపు పుల్లగా తోస్తుంది. నాలుగు గ్లాసులను పెట్టగల వరసలు 24. అన్నీ అక్కర్లేదు గానీ, ఒక్కొక్కరు ఒక్కో గ్లాసుతో మొదలుపెట్టేలా చూస్తే చాలు.

నాలుక పట్టలేనిది

ఇదంతా చెట్టు కల్లు సంగతి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. కల్తీ కల్లు కథలు కూడా ఉమ్మడి పాలమూరుకు కొత్త కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రజోలం తెలంగాణ కల్లు దుకాణాల్లో పదే పదే బయటపడ్డ పేర్లు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు.

ఇంటి రుచి పరీక్ష దీన్ని పట్టుకోగలదా? అంకెలే చెబుతాయి. లీటరు నీళ్ళలో 3, 4 గ్రాముల చక్కెర పడితే గానీ నాలుకకు తీపి తెలియదు. చేదు విషయంలో నాలుక చాలా చురుకు. క్వినైన్ లాంటి మహాచేదును లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములున్నా పసిగడుతుంది. ఆల్ప్రజోలం బిళ్ళల్లో చిన్నదాంట్లో మందు 0.25 మిల్లీగ్రాములు. అది 650 మిల్లీలీటర్ల సీసాలో కరిగితే 26 లక్షల పాళ్ళలో ఒక పాలు. తీపీ పులుపూ ఘాటూ కలగలిసిన కల్లులో ఆ పాలును ఏ నాలుకా పట్టలేదు. 20కి 19 మార్కులు వచ్చిన కల్లులోనూ అది ఉండవచ్చు. మంచి మార్కులు భద్రతకు హామీ అని ఎవరైనా అంటే నమ్మకండి.

నాలుక పట్టగలిగిన మోసం ఒకటుంది, సాకరిన్. నీళ్ళు కలిపిన కల్లుకు తీపి తెప్పించడానికి దాన్ని వాడతారు. అది చక్కెర కన్నా 300 రెట్లకు పైగా తియ్యన. కానీ ఈస్ట్ దాన్ని తినలేదు. ఇక్కడ మన గంటల పరీక్ష అక్కరకొస్తుంది. అనుమానమున్న కల్లును గ్లాసులో పోసి బయటే ఉంచి, తెచ్చినప్పుడూ, ఆరు గంటల తర్వాతా, మర్నాడు పొద్దుగాలా ఒక్కో చుక్క నాలుక మీద వేసి ఉమ్మేయండి. చెట్టు కల్లయితే తీపి దిగుతూ పోవాలి. పులుపు ఎంతెక్కినా తీపి అలాగే నిలిచి ఉంటే, అది చెట్టు ఇచ్చిన తీపి కాదు. తీపిని కల్తీ చేసిన చేయి అక్కడితో ఆగిందని నమ్మే పని లేదు. సీసా మొత్తం పారబోయండి.

పచ్చి నీరా తాగేవాళ్ళకూ ఒక మాట. బంగ్లాదేశ్‌లో మన ఈత జాతి చెట్టు రసమే చలికాలంలో పచ్చిగా తాగుతారు. అక్కడ 2001 నుంచి బయటపడుతున్న నిఫా జబ్బుకు, రాత్రిళ్ళు లొట్టి మీద వాలే గబ్బిలాల ఎంగిలి ఒక దారి అని తేలింది. లొట్టి మూతికి జాలీ కట్టే గౌడన్న దగ్గర తీసుకోవడమే మేలు.

చెట్టెక్కే మనిషి సంగతి మరిచి ఈ లెక్కలన్నీ చెబితే అన్యాయం. పోలీసులూ ఎక్సైజ్ వాళ్ళూ పట్టుకునే కల్తీ ఎక్కువగా దుకాణం దగ్గర, పీపాల దగ్గర జరిగేది. మోకు కట్టి చెట్టెక్కినవాడు దించేది తేట రసమే. ఆ ఎక్కుడులో జారి పడి నడుములు విరిగినవాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి మండలంలో ఉన్నారు. చెట్టెక్కేవాళ్ళు అలా పడకుండా రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షణ కిట్లను మొదలుపెట్టింది. చెట్టు దగ్గరే కొంటే ఆ రూపాయి నేరుగా ఆ చేతికి వెళ్తుంది, మీకూ చెట్టూ గంటా రెండూ తెలుస్తాయి.

చివరగా, ఇంట్లో ఎవరికైనా రోజూ దుకాణం కల్లు పడందే నిద్ర పట్టకపోతే, ఒక్క పూట మానేస్తే చేతులు వణికితే, ఆ కల్లులో మత్తుమందు ఉందని అనుమానించాలి. అలాంటివారి చేత ఒక్కసారిగా మాన్పించకండి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు, తెలంగాణ పల్లెల్లో ఎందరో ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. మెల్లమెల్లగా మాన్పించడం డాక్టరు చేతిలో పని. ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులు అడగరు.